బీఎఫ్ఏ అప్లైడ్ ఆర్ట్: పన్నెండేళ్ళు వాడాక

సిలబస్, సీట్లు, ఎంట్రన్స్ వివరాలు ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి వెళ్ళను. నేను 2013లో ఒక ప్రభుత్వ కాలేజీ నుంచి బీఎఫ్ఏ, అంటే బ్యాచిలర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ పూర్తి చేశాను. ప్రకటనలకి, ప్రింటుకి డిజైన్ చేయడం నేర్పే అప్లైడ్ ఆర్ట్ నా బ్రాంచి. ఆ చదువు మొత్తంలో నాకు బాగా నచ్చింది, ఇప్పటికీ అంతో ఇంతో డబ్బు తెచ్చిపెడుతున్నది ఒక్కటే: రెండో ఏడాదిలో నేర్చుకున్న తెలుగు లెటరింగ్, అంటే చేత్తో అక్షరాలు అందంగా గీయడం. అందుకే ఇందులో ఎక్కువ భాగం దాని గురించే రాస్తున్నాను.

ముందు ఖర్చు సంగతి. ఫీజు మా ఇంట్లో ఎవరికీ బరువనిపించలేదు. ముంచింది సామాను. ఇంపీరియల్ షీట్లు, మౌంట్ బోర్డులు, పోస్టర్ కలర్లు, బ్రష్షులు ఎన్ని కొన్నా చాలేవి కావు. ప్రతి సబ్మిషన్ ముందు కొట్టుకి పరుగే. జ్యూరీ రోజు, అంటే మా పని చూసి మార్కులు వేసే రోజు డిస్‌ప్లే బాగుండాలంటే ప్రింట్లు, మౌంటింగు. మూడో ఏడాదికల్లా కంప్యూటర్, కెమెరా లేకపోతే పని జరగదు. కాలేజీ రసీదులు మాత్రమే చూసిన నాన్న "వీడి చదువు చాలా చవకలో అయిపోయింది" అని చుట్టాలకి చెప్పేవారు. సామాను లెక్కలు అమ్మకే తెలుసు. పైగా మా పెద్దమ్మ వాళ్ళింట్లో ఉండి చదివాను కాబట్టి హాస్టల్ ఖర్చు లేదు. అది కూడా కలిసుంటే నాన్న మాట వేరేగా ఉండేది.

రాబడి విషయానికొస్తే, నా డిగ్రీ అయిన ఏడాదే మా బాబాయి కొడుకు ఇంజినీరింగ్ చేసి మూడు లక్షల పైచిలుకు ప్యాకేజీతో ఐటీ కంపెనీలో చేరాడు. నేను హైదరాబాద్‌లో ఒక యాడ్ ఏజెన్సీలో నెలకి తొమ్మిది వేలకి చేరాను. పండక్కి ఇంటికెళ్తే మా మామయ్య ఓదార్పుగా "వైకుంఠం గారి పెయింటింగులు లక్షల్లో పోతాయటగా" అనేవాడు. తోట వైకుంఠం గారు హైదరాబాద్‌లో చదివి, బరోడా వెళ్ళి చదివి, సినిమాలకి కళాదర్శకత్వం చేసి, 'దాసి'కి జాతీయ అవార్డు కూడా తెచ్చుకున్న మనిషి. అంతటాయన కూడా బొమ్మలతో పాటు ఇంకో పని చేశారన్నది మామయ్యకి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు.

ఇక లెటరింగ్. ఆ క్లాసుకి గెస్టుగా ఒక సారు వచ్చేవారు. ఒకప్పుడు సినిమా బ్యానర్లు, షాపుల బోర్డులు రాసేవారు. ఫ్లెక్సులొచ్చి ఆ పని పోయింది. మొదట్లో అక్షరాలు రాయనిచ్చేవారు కాదు. ఫ్లాట్ బ్రష్‌తో సున్నాలు, అర సున్నాలు, తలకట్లు, అంతే. బ్రష్ ఎక్కడ తిప్పితే గీత లావవుతుందో, ఎక్కడ సన్నబడుతుందో చెయ్యికి తెలిసేదాకా వదల్లేదు. తర్వాత సుద్ద దారం కొట్టి గీతలు వేయడం. ఇంగ్లిష్‌కి గీత మీద నిలబెడితే చాలు. తెలుగుకి పైన గుడి, కింద ఒత్తు, ఒక్కోసారి ఒత్తు కింద ఇంకో ఒత్తు. "ముందు ఒత్తుకి చోటు చూసుకో బాబూ, అక్షరం సంగతి తర్వాత" అనేవారు. 'రాష్ట్ర', 'స్త్రీ' లాంటి మాటలు రాయించి రాయించి చంపేశారు.

దాని విలువ ఉద్యోగంలో చేరిన మొదటి ఆషాఢంలో తెలిసింది. దిల్‌సుఖ్‌నగర్ వైపు ఒక చీరల షాపు మా ఏజెన్సీ క్లయింటు. ఆషాఢం సేల్‌కి షాపు ముందు నిండా పట్టే పెద్ద ఫ్లెక్సు. పేరులో 'లక్ష్మీ', 'వస్త్ర' రెండూ ఉన్నాయి. అప్పట్లో మా ఆఫీసులో పనంతా అను ఫాంట్లలోనే జరిగేది. ఆ ఫాంట్లు యూనికోడ్ కావు. ఫాంటు లేని కంప్యూటర్లో ఫైలు తెరిస్తే తెలుగు పోయి పిచ్చి ఇంగ్లిష్ గుర్తులు కనిపిస్తాయి. అందుకే ప్రింటుకి పంపే ముందు అక్షరాలన్నీ కర్వ్స్ చెయ్యాలి, అంటే ఫాంటుతో పనిలేని బొమ్మలుగా మార్చాలి. ఆ రోజు సాయంత్రం హడావిడిలో ఆఫీసువాళ్ళు కర్వ్స్ చెయ్యని ఫైలు పంపేశారు. రాత్రి షిఫ్టులో మెషీన్ దగ్గరున్న కుర్రాడికి తెలుగు చదవడం రాదు. కనిపించింది కనిపించినట్టు ప్రింటు కొట్టేశాడు. చీరల బొమ్మలు అద్భుతంగా వచ్చాయి. షాపు పేరున్న చోట మాత్రం టోపీలు పెట్టుకున్న ఏ, ఓ అక్షరాలు, మధ్యలో రెండు డాలర్ గుర్తులు.

రాత్రి పదకొండు దాటాక మా బాస్ ఫోన్ చేశారు. తెల్లారితే సేల్. ఆషాఢం కదా, మెషీన్ ఖాళీ లేదు, మళ్ళీ కొట్టాలంటే మధ్యాహ్నం దాటుతుందన్నారు. నేను ఫ్లెక్సు షాపుకి వెళ్ళేసరికి అందరూ ఒకరి మీద ఒకరు అరుచుకుంటున్నారు. మూలన ప్రింటు కాని తెల్ల ఫ్లెక్సు ముక్క కనిపించింది. పేరున్న పట్టీ మేరకి దాన్ని కత్తిరించి, చేత్తో రాసి, పైన అతికిస్తే సరిపోతుందన్నాను. ఎవరికీ నమ్మకం లేదు కానీ వేరే దారి కూడా లేదు. పక్క వీధి పెయింటర్‌ని లేపి ఎనామిల్ డబ్బాలు, బ్రష్షులు తెచ్చాం. నేల మీద పరిచి సుద్ద దారం కొట్టాను. 'వస్త్ర'కి త ఒత్తు, ర ఒత్తు రెంటికీ చోటు వదిలి పైనుంచి మొదలుపెట్టాను. బయట వాన, లోపల తేమ, ఎనామిల్ ఎంతకీ ఆరదు. రెండు ఫ్యాన్లు దాని మీదకే తిప్పి కూర్చున్నాం. తెల్లవారి అతికించేటప్పటికి 'క్ష్మీ' మీద ఎవరిదో వేలిముద్ర పడింది. నాకు తప్ప ఎవరికీ కనిపించలేదు.

ఆ రాత్రికి నాకు రూపాయి ఎక్కువ రాలేదు. క్లయింటుకి ఏజెన్సీ పంపిన బిల్లు మాత్రం తగ్గలేదు. కానీ షాపు ఓనరుకి ఆ రాత నచ్చింది. సేల్ అయ్యాక కూడా పేరు అలాగే కావాలన్నారు. కొన్నాళ్ళకి రెండో బ్రాంచి తెరుస్తూ నాకే నేరుగా ఫోన్ చేశారు. పేరు గీసి, స్కాన్ చేసి, ఇల్లస్ట్రేటర్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ట్రేస్ చేసి ఇస్తే పదిహేను వేలు ఇచ్చారు. నా నెల జీతం కంటే ఎక్కువ! ఆయన చెబితే ఇంకో ఇద్దరు, వాళ్ళు చెబితే ఒక పెళ్ళికార్డుల ఆయన, తర్వాత పుస్తకాల కవర్లు, రెండు మూడు చిన్న సినిమాల టైటిళ్ళు. సినిమా డబ్బులు పూర్తిగా వచ్చాయని ఇప్పటికీ చెప్పలేను. పని మొదలుపెట్టే ముందు అడ్వాన్స్ తీసుకోవాలి, ఎన్ని మార్పులకి ఎంత అని రాసుకోవాలి అన్నది నాలుగేళ్ళలో ఒక్క క్లాసులోనూ వినలేదు.

అలాగని ఈ ఘనతంతా డిగ్రీ ఖాతాలో వెయ్యలేను. ఆ సారుకి బీఎఫ్ఏ లేదు. ఆయన క్లాసు నడిచింది ఒక్క సెమిస్టరే. నాతోపాటు అక్కడే కూర్చున్న మా బ్యాచ్‌వాళ్ళలో లెటరింగ్‌తో సంపాదించేవాళ్ళు ఎవరూ లేరు. తెలుగు అక్షరానికి సొంత నడక ఇచ్చిన బాపు గారు చదివింది మద్రాసులో లా. కాబట్టి ఆ సారు దగ్గరే బయట నేర్చుకుంటే చవకలో అయిపోయేదిగా అంటే, అయ్యేదేమో. కానీ డిగ్రీ అన్న పేరు ఉండబట్టే ఇంట్లోవాళ్ళు అన్నేళ్ళు బొమ్మలు వేసుకోనిచ్చారు.

లెటరింగ్ మీద ఇల్లు గడవదు కూడా. ఇల్లు గడుస్తున్నది యూఐ డిజైన్, అంటే యాప్‌లు, వెబ్‌సైట్ల స్క్రీన్లు డిజైన్ చేసే ఉద్యోగంతో. ఏజెన్సీ వదిలి సాఫ్ట్‌వేర్ కంపెనీకి మారాకే మా బాబాయి కొడుకు జీతానికి దరిదాపుల్లోకి వచ్చాను. అక్కడ ఇంటర్వ్యూలో చూసింది పోర్ట్‌ఫోలియో. సర్టిఫికెట్ అడిగింది హెచ్ఆర్ వాళ్ళు, అదీ చేరేటప్పుడు. లెటరింగ్ పని ఈమధ్య తగ్గింది కూడా. మండలి, రామభద్ర లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. ఒకప్పుడు తెలుగు రాయమంటే పిచ్చిగీతలు గీసిన ఏఐ ఇప్పుడు చదవగలిగేలా రాస్తోంది. ఒత్తుల దగ్గర ఇంకా తడబడుతుంది, కానీ చిన్న షాపువాళ్ళకి అది చాలు.

డిగ్రీ కాగితానికి విలువే లేదనుకోకండి. మా క్లాస్‌మేట్ ఒకామె కేంద్రీయ విద్యాలయంలో ఆర్ట్ టీచర్. 44,900 మూల వేతనంతో మొదలయ్యే ఆ ఉద్యోగానికి అలాంటి డిగ్రీయో డిప్లొమాయో ఉండాల్సిందే. మా బ్యాచ్‌లో అందరికంటే నిశ్చింతగా ఉన్నది ఆమే. ఇంకొకడు సీడ్ అనే ఎంట్రన్స్ రాసి ఎం.డెస్‌కి, అంటే డిజైన్‌లో పీజీకి వెళ్ళాడు. దానికీ డిగ్రీయో డిప్లొమాయో కావాలి. అదే మన జిల్లా పరిషత్ బడుల్లో డ్రాయింగ్ మాస్టార్లు చాలామంది డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు, 42 రోజుల టీటీసీ (టెక్నికల్ టీచర్స్ సర్టిఫికెట్) వేసవి ట్రైనింగ్ దారిలో వచ్చినవాళ్ళే. నాలుగేళ్ళు పెట్టినవాళ్ళకి ఆ లెక్క కాస్త గుచ్చుకుంటుంది.

ఇప్పుడు మా అక్క కూతురు ఇంటర్‌లో ఉంది, బొమ్మలు బాగా వేస్తుంది. బావ ఏడాదికి లక్షల్లో ఫీజున్న ఒక ప్రైవేటు డిజైన్ కోర్సు బ్రోచర్ పట్టుకొచ్చి నన్ను అడిగారు. ప్రభుత్వ కాలేజీలో సీటొస్తే, సామాను ఖర్చుకి తట్టుకోగలిగితే బీఎఫ్ఏలో చేర్పించమన్నాను. ఐఐటీల్లో డిజైన్ డిగ్రీ అయిన బి.డెస్ కోసం యూసీడ్ ఎంట్రన్స్ కూడా రాయించమన్నాను. లోన్ తీసుకుని ప్రైవేటులో చేర్చడానికి మాత్రం నేను ఒప్పుకోలేదు. ఏజెన్సీలో నాకు మొదట వచ్చిన జీతంలో ఈఎంఐ కూడా కట్టాల్సి వచ్చి ఉంటే ఆరు నెలల్లో పని మార్చేసేవాణ్ణి. కట్టాల్సిన అప్పు లేదు, అద్దె పెద్దమ్మ తీసుకోలేదు కాబట్టి నాకు నడిచింది. బావ ఇంకా బ్రోచర్ పారెయ్యలేదు.