అణు పరిశోధనపై సలహా: శాఖకు చెప్పడం మేలా, చట్టసభకు చెప్పడం మేలా?

అణు పరిశోధన మీద ప్రభుత్వాలకు సలహా చెప్పే సంఘాల్లో ప్రధానంగా రెండు రకాలు కనిపిస్తాయి. ఒకటి, శాఖ తానే నియమించుకుని, తానే ప్రశ్న వేసి, తానే జవాబు వినేది. రెండోది, చట్టంతో పుట్టి చట్టసభకు నివేదిక ఇచ్చేది. పైకి చూస్తే రెండోదే మేలనిపిస్తుంది. శాఖ తానా అంటే తందానా అనే సంఘం ఎవరికి కావాలి? అయినా మొదటిదాన్ని అంత తేలిగ్గా తీసిపారేయలేం.

అమెరికాలో 1977లో ఏర్పడిన అణు విజ్ఞాన సలహా సంఘాన్నే తీసుకోండి. 2025లో రద్దయ్యేదాకా ఇంధన శాఖ, జాతీయ సైన్స్ ఫౌండేషన్ ఒక లేఖ రాసి ఫలానా విషయం తేల్చమనేవి. సంఘం తేల్చి చెప్పేది. బడ్జెట్ పెరగకపోతే ఏది ఉంచాలి, ఏది వదులుకోవాలి అన్న చిక్కు ప్రశ్నకు రాబర్ట్ ట్రిబుల్ అధ్యక్షతన దాని ఉపసంఘం 2013లో జవాబిచ్చింది. పోటీలో ఉన్నవి మూడు: బ్రూక్‌హేవెన్‌లో అయాన్లను ఢీకొట్టించే యంత్రం రిక్, జెఫర్సన్ ల్యాబ్ ఎలక్ట్రాన్ యంత్రం, మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో కట్టవలసిన అరుదైన ఐసోటోపుల కేంద్రం. మూడూ నిలవడం కుదరదు, తప్పనిసరైతే రిక్‌ను మూయండి అని ఉపసంఘం రాసింది. నిధులు కాస్త పెరిగితే మూడింటినీ కాపాడుకోవచ్చని కూడా గట్టిగా చెప్పింది. రిక్ కావాలని 1983 ప్రణాళికలో సిఫారసు చేసింది ఈ సంఘమే! తాను కోరి కట్టించిన యంత్రం మీదే వేటు వేయమనడానికి గుండె దిటవు కావాలి. చివరికి రిక్ మూతపడలేదు, ఆ తర్వాత కూడా పదేళ్లకు పైగా నడిచింది. ఇలాంటి లెక్క బయటివాళ్లు వేయలేరు. ఏ యంత్రానికి ఎంత ఖర్చవుతుందో, దానివల్ల ఒరిగేదేమిటో లోపలివాళ్లకే తెలుస్తుంది.

చిక్కల్లా ప్రమాదం సంగతి వచ్చినప్పుడే. 1956 జూన్‌లో అమెరికా రియాక్టర్ భద్రతా సలహా సంఘం, అప్పట్లో అణు వ్యవహారాలు చూసే ప్రభుత్వ సంస్థ అయిన అణుశక్తి కమిషన్‌కు ఒక లేఖ రాసింది. మిషిగన్‌లో, డెట్రాయిట్ నగరానికి దగ్గరలో కట్టదలచిన ఫెర్మీ ఫాస్ట్ బ్రీడర్ రియాక్టర్ (వాడే ఇంధనం కన్నా ఎక్కువ ఇంధనం పుట్టించే రకం) ప్రజలకు హాని లేకుండా నడుస్తుందని భరోసా ఇచ్చేంత సమాచారం తమ దగ్గర లేదన్నది దాని సారాంశం. కమిషన్ ఆ లేఖను బయటపెట్టకుండా ఆగస్టులో నిర్మాణానికి అనుమతి ఇచ్చేసింది. విషయం పొక్కాక కాంగ్రెస్ భగ్గుమంది. 1957లో ఆ సంఘానికి చట్టబద్ధత కల్పించి, దాని నివేదికలు బహిరంగం కావాలని చట్టంలోనే రాసింది. రియాక్టర్ మాత్రం పూర్తయింది. 1966 అక్టోబరులో ఊడిపోయిన జిర్కోనియం రేకు ఒకటి, రియాక్టర్‌ను చల్లబరిచే సోడియం ప్రవాహానికి అడ్డుపడి, ఇంధనం కొంత కరిగింది. సంఘం ఆ రేకును ముందే ఊహించిందని కాదు. తెలియనిదాన్ని తెలియదని చెప్పింది, అంతే. ఆ ఒక్క మాటను సొరుగులో పెట్టేశారు.

సభ్యులు మహామహులైతే చాలదా అంటారేమో. భౌతిక శాస్త్రవేత్తలు ఓపెన్‌హైమర్ అధ్యక్షుడిగా, ఫెర్మీ, రాబీ సభ్యులుగా ఉన్న సాధారణ సలహా సంఘం 1949 అక్టోబరులో హైడ్రోజన్ బాంబు కోసం హడావుడి పడవద్దని చెప్పింది. ఆ సంఘం చట్టంతో పుట్టిందే, సభ్యులను నియమించింది అమెరికా అధ్యక్షుడే. కానీ దాని మాట వెళ్లేది అణుశక్తి కమిషన్‌కే, అదీ రహస్యంగా. మూడు నెలలకే అధ్యక్షుడు ట్రూమన్ అందుకు విరుద్ధంగా నిర్ణయించాడు. రహస్య సమాచారం చూసే అనుమతి ఉంచాలా వద్దా అని 1954లో జరిగిన విచారణలో ఓపెన్‌హైమర్‌కు ఆ అభిప్రాయమే మెడకు చుట్టుకుంది.

ఫ్రాన్స్ దారి వేరు. అణు వ్యర్థాలపై పరిశోధనకు 1991 చట్టం పదిహేనేళ్ల గడువు పెట్టి, మూడు మార్గాలు చూపి, పురోగతిని ఏటా పరిశీలించి పార్లమెంటుకు చేరేలా నివేదిక ఇవ్వడానికి ఒక జాతీయ మూల్యాంకన కమిషన్‌ను ఏర్పాటు చేసింది. 2006లో మరో చట్టం వచ్చాక కూడా అది కొనసాగింది. దీని బలహీనత కూడా తెలిసిందే: కమిషన్ విమర్శించగలదు గానీ పైసా కేటాయించలేదు. ఆస్ట్రిడ్ ఫాస్ట్ రియాక్టర్ పథకాన్ని 2019లో పక్కన పెట్టేసినప్పుడు ఆపడానికి దానికి అధికారం లేదు.

బ్రిటన్ 2014లో ఏర్పాటు చేసిన అణు పరిశోధన సలహా మండలి ఈ రెండు రకాలకూ మధ్యలో తాత్కాలిక ఏర్పాటు. గడువు తీరాక ఆగి, 2018లో మళ్లీ మొదలైంది. దీర్ఘకాలపు పనికి ఇలాంటి విరామాలు మంచివి కావు.

కాబట్టి డబ్బు పంపకానికి శాఖ సంఘమే నయం. భద్రతకు, వ్యర్థాలకు చట్టసభ ముందు నిలిచే సంఘమే కావాలి. రెండింట్లో ఒకటే దక్కుతుందంటే నేను రెండోదే తీసుకుంటాను. మొదటిదాన్నే ఉంచుకునే ప్రభుత్వం కనీసం ప్రశ్నలేఖను, జవాబును ఒకే రోజున బయటపెట్టాలి. సలహా సంఘాల సమావేశాలు సాధారణంగా బహిరంగంగా జరగాలని, మినిట్స్ రాసి ఉంచాలని అమెరికా 1972లోనే చట్టం చేసింది. కానీ ఏ ప్రశ్న అడగాలో, ఏది అడగకూడదో నిర్ణయించేది నేటికీ శాఖే.