నాలుగేళ్లుగా నా బాస్ గిటార్ వెంట ఉన్న డీఐ పెట్టె

కడపలో మా ఇంటి మేడమీది గదిలో బాస్ గిటార్ రికార్డు చేస్తుంటాను. ఎక్కువగా చర్చి పాటలకే. నేలంతా కడప రాయి, గోడలు బోడివి. యాంప్లిఫయర్ ముందు మైకు పెడితే గిటార్ కన్నా గదే ఎక్కువ మోగుతుంది. అందుకే గిటార్‌ను నేరుగా కంప్యూటర్‌కు ఎక్కించడానికి నాలుగేళ్ల కిందట ఒక యాక్టివ్ డీఐ పెట్టె కొన్నాను. గిటార్ సంకేతాన్ని మైకు సాకెట్‌కు సరిపోయేలా మార్చే చిన్న పెట్టె ఇది; యాక్టివ్ అంటే పనిచేయడానికి కరెంటు కావాలి.

అప్పటిదాకా గిటార్ వైరును మైకు సాకెట్‌కే తగిలించేవాణ్ణి. ఆ సాకెట్ నిరోధం రెండు వేల ఓమ్‌ల లోపే ఉంటుంది. పికప్ (తీగల కదలికను కరెంటు సంకేతంగా మార్చే భాగం) నుంచి వచ్చే బలహీనమైన సంకేతం అక్కడే నీరసించి, పై స్వరాల మెరుపు పోతుంది. ఈ పెట్టె నిరోధం పది లక్షల ఓమ్‌లు. మొదటి రోజే తేడా తెలిసింది: వేలి కొస తీగను వదిలేటప్పుడు వచ్చే చిన్న టక్కు శబ్దం హెడ్‌ఫోన్‌లో స్పష్టంగా వినిపించింది.

అయినా నేను దీన్ని వదలకపోవడానికి అసలు కారణం హమ్ము, అంటే కరెంటు వల్ల రికార్డింగ్‌లో చేరే గుయ్యిమనే రొద. మన కరెంటు 50 హెర్ట్జ్. బాస్‌లో లావు తీగను మూడో మెట్టు దగ్గర నొక్కితే పలికే జీ స్వరం 49 హెర్ట్జ్. అంటే హమ్ము వచ్చి స్వరం పక్కనే కూర్చుంటుంది. జీ శ్రుతిలో ఉన్న ఒక పాటకు హమ్మును ఈక్వలైజర్‌తో (ఒక్కో స్థాయి శబ్దాన్ని విడిగా పెంచి తగ్గించే సాధనం) కోసేశాను, దాంతోపాటు స్వరమూ పోయింది. విని చూస్తే ప్రతి వరుసలో మొదటి దెబ్బ డొల్లగా ఉంది. పాటంతా మళ్లీ వాయించాను. హమ్మును పుట్టినచోటే ఆపాలి తప్ప తర్వాత చేయగలిగింది చాలా తక్కువ.

ఈ పెట్టెకు ఉన్న గ్రౌండ్ లిఫ్ట్ మీట (వైరులో ఎర్తు కలిసే దారిని తెంచేది) నొక్కితే సగం గొడవ పోతుంది. కాకపోతే మీట నొక్కగానే ఫాంటమ్ పవర్ (మైకు వైరు గుండానే పెట్టెకు అందే కరెంటు) తిరిగి వెళ్లే దారి కూడా తెగుతుంది, ఇక 9 వోల్టుల బ్యాటరీయే గతి. మిగతా సగానికి యాంప్లిఫయర్, ల్యాప్‌టాప్ రెండింటినీ ఒకే బోర్డుకు పెట్టాను. రికార్డు చేసేటప్పుడు ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసేస్తాను. హమ్ము తగ్గుతుందని ప్లగ్గులో ఎర్తు పిన్ను విరిచేవాళ్లను చూశాను. దయచేసి ఆ పని చేయకండి, ప్రాణం మీదికి వస్తుంది. ఎండాకాలంలో ఎందుకో హమ్ము పెరిగేది. బొగ్గు, ఉప్పు వేసిన మా ఎర్తు గుంత ఎండిపోయిందని ఎలక్ట్రీషియన్ చెప్పాడు. రెండు బిందెల నీళ్లు పోశాక బాగా తగ్గింది. ఇప్పుడు ఏటా మే నెలలో అది నా పని.

లోపాలు లేకపోలేదు. గిటార్ వైరు తగిలించి ఉన్నంతసేపూ, వాయించకపోయినా, బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. ఒకసారి నాలుగో పాట మధ్యలో స్వరాల చివర గరగర మొదలైంది. బ్యాటరీ మార్చాలంటే నాలుగు స్క్రూలు విప్పాలి. రెండో ఏట సాకెట్ నట్టు వదులైతే బిగించుకున్నాను.

శబ్దం విషయంలో పెట్టె ఒక్కటే అన్నీ చేయదు. ఎక్కడా నొక్కకుండా మీటితే లావు తీగ పలికేది 41 హెర్ట్జ్. ఫోను స్పీకర్ అంత కిందికి దిగలేదు. మన చెవి దాని రెట్లుగా పలికే పై స్వరాలను పట్టుకుని మూలస్వరాన్ని ఊహించుకుంటుంది. అందుకే 30 హెర్ట్జ్ కింద కోసి, 800 దగ్గర కొద్దిగా పెంచుతాను. తీగలు మరీ కొత్తవి నాకు నచ్చవు. అమెరికా రికార్డు కంపెనీ మోటౌన్ పాటలకు బాస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ తెగితే తప్ప తీగలు మార్చేవారు కాదు.

మీ ఆడియో ఇంటర్‌ఫేస్‌లో (మైకు, గిటార్‌లను కంప్యూటర్‌కు కలిపే పరికరం) గిటార్‌కు వేరే సాకెట్ ఉంటే ఇంట్లో రికార్డింగ్ కోసం ఇది కొననక్కరలేదు. నాకు ఇప్పుడు చర్చిలో ఎక్కువ ఉపయోగం. వేదిక నుంచి వెనక ఉన్న మిక్సర్ దాకా దాదాపు ఇరవై మీటర్ల వైరు లాగినా బాస్ నిండుగా చేరుతోంది.