ఎనిమిది పాసైన ఆడపిల్లకు సైకిల్ మేలా, హాస్టల్ మేలా?

ఒడిశాలో మా పర్లాకిమిడి వైపు పల్లెల్లో ఎనిమిదో తరగతి దాకా ఆడపిల్ల చదువుకు ఎవరూ అడ్డు చెప్పరు. బడి ఊళ్లోనే ఉంటుంది, వెళ్లొస్తుంది. తొమ్మిదికి హైస్కూలు ఆరు కిలోమీటర్లు అనేసరికి ఇంట్లో పంచాయితీ మొదలవుతుంది. ఈ ఏడు మా పెదనాన్న మనవరాలి వంతు. వాళ్ల నాన్న హాస్టల్ అంటాడు, అమ్మ సైకిల్ అంటుంది. నాయనమ్మకు రెండూ నచ్చలేదు. "పెద్దమనిషైన గుంటని రోడ్డు మీద తిప్పుతారేటి? సంబంధం చూడండి" అంటుంది.

హాస్టల్‌ని తీసిపారేయలేం. మా పక్కనున్న రాయగడ జిల్లాలో 2011 జనాభా లెక్కల నాటికి చదవడం, రాయడం వచ్చిన ఆడవాళ్లు నూటికి 40 మంది కూడా లేరు. వానాకాలం గెడ్డ పొంగితే దారే ఉండని కొండ ఊళ్లకు సైకిలిచ్చి ఏం లాభం? అలాంటి చోట్ల పిల్లల కోసమే 2004లో హాస్టల్‌తో కూడిన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు వచ్చాయి. నన్నడిగితే హాస్టల్ వల్ల పెద్ద మేలు ఇంటిపని తప్పడమే. నీళ్లు మోయక్కర్లేదు, తమ్ముణ్ని ఎత్తుకోనక్కర్లేదు, సాయంత్రం పుస్తకం పట్టుకుంటే ఎవరూ కేకెయ్యరు. కాకపోతే ఇంట్లో తెలుగు, అక్కడ అంతా ఒడియా. మొదటి నెలలు పిల్ల నోరు విప్పదు. సంక్రాంతికి ఇంటికొచ్చి మళ్లీ వెళ్లనని ఏడ్చి ఆగిపోయినవాళ్లను ముగ్గురిని నేనే చూశాను.

సైకిల్ సంగతి బీహార్ చూపించింది. 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిల్ కొనుక్కోమని డబ్బులిచ్చారు. తర్వాత చేసిన అధ్యయనంలో హైస్కూల్లో చేరే ఆడపిల్లలు 32 శాతం పెరిగినట్టు, అబ్బాయిలతో ఉన్న తేడా 40 శాతం తగ్గినట్టు తేలింది. బడి దూరంగా ఉన్న ఊళ్లలోనే ఈ ఫలితం ఎక్కువ. పది పరీక్ష రాసినవాళ్లు 18 శాతం పెరిగితే, పాసైనవాళ్లు 12 శాతమే పెరిగారు. బడికి చేరాక చదువు చెప్పేవాళ్లుండాలి, అది సైకిల్ పని కాదు కదా.

మూడో దారి స్టైపెండ్, అంటే చదువుకునే పిల్లకు సర్కారిచ్చే డబ్బు. బంగ్లాదేశ్ 1994 నుంచి పల్లెటూరి హైస్కూలు ఆడపిల్లలకు ఇచ్చింది: 75 శాతం హాజరుండాలి, పెళ్లి కాకూడదు. ఆ రెండో షరతు మా నాయనమ్మల కోసమే పెట్టినట్టుంది! కానీ డబ్బు చేతికొచ్చినా ఆరు కిలోమీటర్లు ఆరు కిలోమీటర్లే.

మా పిల్లకి తారురోడ్డుంది, వీధిలో ఇంకో ఇద్దరు తోడున్నారు. అందుకే నేను సైకిలే అన్నాను, రెండు షరతులతో. ముగ్గురూ కలిసే వెళ్లిరావాలి. సైకిల్ తాళం ఆ పిల్ల దగ్గరే ఉండాలి, లేకపోతే అది వాళ్లన్నయ్య సంతకి వెళ్లే బండి అయిపోతుంది. మొదటిదానికి అందరూ సరేనన్నారు. రెండోదానికి అన్నయ్య ఇంకా ఒప్పుకోలేదు.