ఊళ్లో పెద్దవాళ్లకు ఏది మేలు: బిల్డింగా, 104 బండా, ఇంటికొచ్చే నర్సా?

పంచాయతీ ప్రణాళిక గ్రామసభలో ముసలివాళ్ల ఆరోగ్యం మాట వస్తే అందరికీ ముందు తట్టేది ఆరోగ్య కేంద్రం బిల్డింగే. శిలాఫలకం మీద పేర్లు పడేది కూడా దానికే మరి!

బిల్డింగ్ దండగ అనను. మైదాన ప్రాంతంలో 5,000 మందికి, కొండ, గిరిజన ప్రాంతాల్లో 3,000 మందికి ఒక సబ్‌సెంటర్ (ఊరి స్థాయి చిన్న ఆరోగ్య కేంద్రం) ఉండాలన్నది లెక్క. అది రోజూ తెరిచి ఉంటే షుగర్ మాత్రలు అయిపోయిన పూటే తెచ్చుకోవచ్చు, బీపీ చూపించుకోవచ్చు. 104 బండిలో డాక్టరు వస్తాడు, కానీ దానికి ఒక తేదీ ఉంటుంది. ఆ రోజు ఊళ్లో లేకపోతే మళ్లీ వచ్చేదాకా ఆగాలి. అయినా సబ్‌సెంటర్ దూరంగా ఉన్న శివారు పల్లెలకు బండే నయం.

ఈ రెండింటికీ ఒకటే లోటు. నడవగలిగినవాళ్లే అక్కడికి వెళ్లగలరు. పక్షవాతంతో మంచాన పడ్డాయనకు, తుంటి విరిగిన అవ్వకు వీధి చివర ఆసుపత్రి ఉన్నా ఒకటే, జిల్లా కేంద్రంలో ఉన్నా ఒకటే. 2023లో ఆంధ్రలో మొదలైన ఫ్యామిలీ డాక్టర్ పద్ధతిలో డాక్టరు మంచాన ఉన్నవాళ్ల ఇళ్లకూ వెళ్లాలని పెట్టింది ఇందుకే. 70 దాటినవాళ్లకు 2024లో వచ్చిన 5 లక్షల ఆయుష్మాన్ కార్డు కూడా ఆసుపత్రిలో చేరితేనే పనికొస్తుంది.

ఇక మూడోది కేరళ దారి. 2008లో అక్కడ పాలియేటివ్ కేర్ (నయం కాని జబ్బులున్నవాళ్లకు, మంచాన పడ్డవాళ్లకు బాధ తగ్గించే సేవ) విధానం తెచ్చి, ఆ పనిని స్థానిక సంస్థలకు అప్పగించారు. శిక్షణ పొందిన నర్సు ఆశా కార్యకర్తతో కలిసి ఇంటికే వస్తుంది. యూరిన్ ట్యూబు మారుస్తుంది, పడక పుండ్లకు కట్టు కడుతుంది, రోగిని ఎలా ఒత్తిగిలించాలో కోడలికో కొడుక్కో నేర్పుతుంది. నా ఓటు దీనికే.

చిక్కల్లా జీతం దగ్గరే. 2021-26 కాలానికి పంచాయతీలకు వచ్చిన 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం నీళ్లకు, పారిశుద్ధ్యానికే పోవాలని పెట్టారు. మిగతా 40 శాతంతో జీతాలివ్వకూడదన్నారు. ఇంటిపన్ను బాగా వసూలయ్యే పంచాయతీ అయితే తప్ప సొంతంగా నర్సును పెట్టుకోలేదు. కాబట్టి ఉన్న ఏఎన్ఎం, ఆశాలతోనే వారానికో పూట ఇంటింటి రౌండు ఖాయం చేయమని పీహెచ్‌సీ డాక్టరును అడగాలి. మంచాన ఉన్నవాళ్ల జాబితా తయారుచేసి ప్రణాళికలోనే రాయించాలి.

సబ్‌సెంటర్ ఉన్న ఊళ్లో బిల్డింగ్‌కు పెట్టాలనుకున్న డబ్బుతో అక్కడికి పోయే దారి బాగుచేయొచ్చు. మురుగు కాలువ మీద పలకలు, వీధి దీపాలు, మెట్ల పక్కన పట్టుకోవడానికి ఇనుప రాడ్డు, కూర్చోడానికి బల్ల, కమోడ్ ఉన్న మరుగుదొడ్డి. పెద్దవయసులో ఒక్కసారి జారిపడితే చాలామంది మళ్లీ మునుపటిలా లేచి తిరగలేరు. ఈ పనులకు శిలాఫలకం ఉండదు, అదొక్కటే ఇబ్బంది.