చైనా పాత పందిరి మంచాలు: జియాజిచువాంగా, బాబుచువాంగా?

జియాజిచువాంగ్ అంటే నాలుగు లేదా ఆరు స్తంభాలు, మూడు వైపులా చెక్కిన జాలీ, పైన కప్పు. పడుకునే చోట చాలావాటికి పేము అల్లిక ఉంటుంది, వేసవిలో గాలాడుతుంది.

బాబుచువాంగ్ ఇంకా పెద్దది. మంచాన్ని చెక్క అరుగు మీద నిలబెట్టి, ముందు చిన్న వరండా కడతారు. అందులో స్టూలు, చిన్న బల్ల పడతాయి. తెర దించితే గదిలో ఇంకో గదే! మింగ్ కాలం (1368–1644) నాటి పనితనం చూడాలంటే కాన్సస్ సిటీలోని నెల్సన్-యాట్కిన్స్ మ్యూజియంలో హువాంగ్‌హువాలీ కలపతో చేసినది ఉంది. ఎంత అందమో!

రెండింటినీ విప్పి మళ్లీ బిగించవచ్చు, అతుకులన్నీ చెక్కలో చెక్క దూర్చినవే.

ఇంట్లో వాడుకోవడానికైతే నా ఓటు జియాజిచువాంగ్‌కే. కొనేముందు జాలీ పలకల్లో కొత్తగా మార్చినవేవో వెనకవైపు నుంచి తప్పక చూడండి.