‘ఓపెన్ బాక్స్’ 150-600 జూమ్ లెన్స్ కొనబోతున్న నల్లగొండ, మహబూబ్‌నగర్ మిత్రులకు హెచ్చరిక

హైదరాబాదు దుకాణాల్లో ‘ఓపెన్ బాక్స్’ పేరుతో దొరుకుతున్న 150-600 ఎం.ఎం. జూమ్ లెన్స్‌ను కొనాలని చూస్తున్నవారు డబ్బు కట్టే ముందు ఇది ఒకసారి చదవవలసిందిగా మనవి. కింద పడి లోపలి గాజు స్థానం తప్పిన లెన్స్‌ను, ‘డబ్బా విప్పినమే గాని వాడలేదన్నా’ అని చెప్పి, నాకు 68,000 రూపాయలకు అంటగట్టారు. లోపం చూపించి అడిగినప్పుడు దుకాణదారు వరుసగా కొన్ని కారణాలు చెప్పాడు. వాటిలో ఒక్కటీ పచ్చి అబద్ధం కాదు. అన్నీ కెమెరా పట్టినవారెవరైనా ఒప్పుకోవలసిన నిజాలే. కాకపోతే ఆ లెన్స్‌లో ఉన్న లోపానికీ ఆ నిజాలకూ సంబంధం లేదు. ఇటువంటి సమాధానాలు విని, తప్పు తమ చేతిదో కెమెరా బాడీదో అనుకుని సర్దుకుపోయినవారు మన వైపు స్టూడియోల్లో ఉన్నారు కాబట్టి, ఆ కారణాలను ఒక్కొక్కటిగా ఎలా పరీక్షించి పక్కన పెట్టాలో వివరంగా రాస్తున్నాను.

అయితే అసలు ఈ లెన్స్ మీకు కావాలా వద్దా అన్నది ముందుగా తేల్చుకోండి. మన జిల్లాల్లో కెమెరా పట్టినవారి బతుకుతెరువు ఎక్కువగా పెళ్లిళ్ల మీద నడుస్తుంది. మండపం దగ్గర 70-200 ఎఫ్ 2.8 లెన్స్ చేసే పని ఈ లెన్స్ చేయలేదు (ఎఫ్ పక్కన అంకె పెరిగితే వెలుతురు వచ్చే రంధ్రం చిన్నదవుతుంది), ఎందుకంటే 600 దగ్గర ఇది పూర్తిగా తెరుచుకున్నా ఎఫ్ 6.3 మాత్రమే, అక్కడ లోపలికి వచ్చే వెలుతురు ఎఫ్ 2.8తో పోలిస్తే ఇంచుమించు ఐదో వంతు మాత్రమే. ఫంక్షన్ హాలు లైట్ల కింద ఐఎస్ఓ (వెలుతురును పట్టే సెట్టింగు) పెంచుకుంటూ పోతే పట్టుచీర అంచు కూడా గరుకుగా కనిపిస్తుంది. బరువు మరో సంగతి. సిగ్మా కాంటెంపరరీ, టామ్రాన్ జీ2 రెండూ రెండు కిలోలకు అటూ ఇటూ ఉంటాయి. ఇదే తరగతిలోని నికాన్ 200-500 ట్రైపాడ్‌కు బిగించే కాలర్‌తో కలిపి 2.3 కిలోలు; సిగ్మా స్పోర్ట్స్ రకమైతే 2.86 కిలోలు. పానగల్లు ఉదయసముద్రంలో పక్షులను, అమ్రాబాద్ అడవిలో దుప్పులను, మైదానంలో క్రికెట్‌నో కబడ్డీనో తీయాలనుకునేవారికి ఇది పనికొస్తుంది. మిగిలినవారికి బీరువాలో ఫంగస్ పట్టే వస్తువుగా మిగులుతుంది. పాత బాడీలు వాడేవారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి: నికాన్ 200-500లో అపర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం) విద్యుత్ సంకేతంతో నడుస్తుంది కాబట్టి డీ90 వంటి పాత బాడీల మీద దాన్ని మార్చడం కుదరదు. కొనే ముందు ఒక శని, ఆదివారాలకు అద్దెకు తెచ్చుకుని చూస్తే ఈ సందేహాలు చాలావరకు తీరుతాయి. హైదరాబాదులో లెన్స్‌లు అద్దెకు ఇచ్చేవారు ఉన్నారు.

ఇక జరిగిన విషయం. దుకాణంలో చూడదగినవన్నీ చూశాను. ముందు నుంచీ వెనుక నుంచీ టార్చి వేసి, గాజుల మధ్య సాలెగూడు పోగుల్లాంటి ఫంగస్ గానీ, పాలపొర లాంటి మసక గానీ లేదని నిర్ధారించుకున్నాను. జూమ్ రింగ్ తిప్పాను, ఫోకస్ ఆడించాను, డబ్బా మీది సీరియల్ నంబరును లెన్స్ మీది నంబరుతో సరిపోల్చాను. అన్నీ సరిగానే ఉన్నాయి. అయితే లెన్స్‌ను బయటికి తీసుకుపోయి రోడ్డు మీద నాలుగు ఫొటోలు తీస్తానంటే ఒప్పుకోలేదు, దుమ్ము పడుతుందన్నారు. సమస్య అంతా ఇక్కడే ఉంది. ఈ లెన్స్‌లు 600 దగ్గర రెండు, మూడు మీటర్ల లోపలి వస్తువును పట్టవు. గది పొడవంతా వాడుకుని షెల్ఫులోని ఒక డబ్బాను తీస్తే మధ్యలోని అక్షరాలు స్ఫుటంగా వస్తాయి, చుట్టూ ఉన్నవి వేర్వేరు దూరాల్లో ఉంటాయి కాబట్టి సహజంగానే మసకబారుతాయి. అంచుల సంగతి తెలుసుకునే దారి ఆ నాలుగు గోడల మధ్య లేదు.

తెల్లవారి ఉదయసముద్రం కట్ట మీద నుంచి తీసిన ఫొటోలను కంప్యూటర్‌లో పెద్దవి చేసి చూస్తే లోపం బయటపడింది. నీటి అంచున బారుగా నిలబడిన తెల్ల కొంగల్లో నడుమ ఉన్నవాటి ముక్కు, కన్ను, మెడ మీది ఈకలు చక్కగా విడివిడిగా కనిపిస్తున్నాయి. కుడి వైపువి కొంచెం మెత్తబడ్డాయి, అది ఈ తరగతి లెన్స్‌లో ఊహించదగినదే. ఎడమ వైపు చివర ఉన్న కొంగలకు మాత్రం ఒక్కొక్కదానికి రెండేసి అంచులు ఉన్నట్టు, తడి గుడ్డతో పక్కకు తుడిచినట్టు కనిపించింది. ఏ ఫొటో తీసినా ఎడమ పక్కే అలా వచ్చింది.

దీన్ని చూపిస్తే వచ్చిన మొదటి జవాబు: “ఎండలకు గాలి ఉడుకుతదన్నా, దూరం ఫొటోలు గిట్లనే వస్తయ్.” మాట నిజమే. నల్లగొండ ఎండల సంగతి మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. పొద్దెక్కిన తరువాత వేడి నేల మీది గాలి అలలలాగా కదులుతుంటే ఎంత ఖరీదైన లెన్స్ అయినా అర కిలోమీటరు దూరంలోని పక్షిని స్ఫుటంగా చూపలేదు. కాని ఆ కదలిక వల్ల వచ్చే మసక ఒక ఫొటోకూ ఇంకో ఫొటోకూ మారుతుంది, ఒకసారి పైన, ఒకసారి కింద, ఒక్కోసారి అంతటా ఉంటుంది. గాజు స్థానం తప్పితే వచ్చే మసక ఎప్పుడూ ఒకే మూలను పట్టుకుని ఉంటుంది. అందుకే పరీక్షను సూర్యోదయం వేళ, ముప్పై నలభై మీటర్ల దూరంలోపు పెట్టుకుంటే వేడిగాలి అన్న వాదనకు చోటే ఉండదు. ప్లాస్టరింగ్ చేయని ఇటుక గోడ ఇందుకు చాలా అనుకూలం. మన ఊళ్లలో కొత్తగా కడుతున్న ఇళ్లకు కొదవ లేదు.

“బాడీ ఫోకస్ తేడా ఉంటది, అడ్జస్ట్ చేయించుకో” అన్నది రెండో జవాబు. డీఎస్ఎల్ఆర్‌లలో ఫోకస్ కాస్త ముందుకో వెనక్కో పడడం ఉన్నదే, దాన్ని సరిచేసుకునే ఏర్పాటు చిన్న బాడీల్లో ఉండదన్నదీ వాస్తవమే. అయితే లైవ్ వ్యూలో (కెమెరా వెనుక తెర మీద చూస్తూ) పెట్టి, బొమ్మను పెద్దది చేసి ఫోకస్ చేస్తే ఆ తేడా పోతుంది, ఎందుకంటే అప్పుడు ఫొటో తీసే సెన్సర్ నుంచే ఫోకస్ చూస్తున్నాం. అలా చేసినా ఒక పక్క మసక పోకపోతే బాడీని అనుమానించనక్కరలేదు. మిర్రర్‌లెస్ బాడీలో ఎప్పుడూ సెన్సర్ నుంచే ఫోకస్ చూస్తుంది కాబట్టి, అది వాడేవారి దగ్గర ఈ జవాబు అసలే చెల్లదు.

చేయి వణికిందనీ, చౌక ఫిల్టర్ పెట్టారనీ కూడా అన్నారు. 1.5 రెట్ల క్రాప్ బాడీ (చిన్న సెన్సర్ ఉన్నది) మీద 600 అంటే చూపు 900కు సమానం, కాబట్టి షట్టర్ స్పీడ్ సెకనులో వెయ్యో వంతు కన్నా నెమ్మదిస్తే చేతి వణుకు తెలుస్తుంది. నాసిరకం యూవీ ఫిల్టర్ పొడవైన లెన్స్ ముందు నిజంగానే చేటు చేస్తుంది. ఈ రెంటికీ మందు తేలికే: లెన్స్‌ను ట్రైపాడ్ మీద పెట్టి, స్టెబిలైజేషన్ (వణుకును సరిదిద్దే ఏర్పాటు) ఆపి, ఫిల్టర్ తీసి, రెండు సెకన్ల టైమర్‌తో తీయాలి. అపర్చర్‌ను పూర్తిగా తెరిచే ఉంచాలి. ఎఫ్ 8కో ఎఫ్ 11కో తగ్గిస్తే లోపం సగం దాక్కుంటుంది. అమ్మేవాళ్లు చూపించే నమూనా ఫొటోలు ఎక్కువగా ఎఫ్ 8వే అయి ఉండడం నేను గమనించాను.

చివరికి ‘గోడకు కెమెరా సూటిగా లేదు’ అన్నారు. నిజానికి అన్నింటిలోకీ గట్టి వాదన ఇదే. దీనికి జవాబు ఆ లెన్స్‌లోనే ఉంది. ట్రైపాడ్ కాలర్ మర వదులు చేసి, లెన్స్‌నూ కెమెరానూ కలిపి తలకిందులుగా తిప్పి అదే గోడను మళ్లీ తీయండి. కెమెరా సూటిగా లేకపోవడమే కారణమైతే ముందు మసకగా వచ్చిన ఇటుకలే మళ్లీ మసకగా వస్తాయి. గాజు స్థానం తప్పినదైతే మసక లెన్స్‌తోపాటే తిరిగి, గోడకు అవతలి వైపు ఇటుకల మీదికి వెళుతుంది. నా ఫొటోల్లో అచ్చంగా అలాగే వెళ్లింది. ఆ రెండు ఫొటోలను పక్కపక్కన పెట్టి చూపించిన తరువాత గానీ దుకాణదారు గొంతు తగ్గలేదు.

పడిన గుర్తులు తరువాత ఒక్కొక్కటిగా కనిపించాయి. హుడ్ (లెన్స్ ముందు తొడిగే గొట్టం) అంచున ఒక చోట నల్ల మార్కర్ పూశారు. స్పిరిట్ దూదితో తుడిస్తే కింద తెల్లటి గీరు బయటపడింది. దుకాణంలో హుడ్‌ను తిరగేసి తొడిగి ఉంచడంతో ఆ అంచు బాడీ వైపుకు పోయి ఉంది. 95 ఎం.ఎం. ఫిల్టర్ బిగిస్తుంటే అర చుట్టు దగ్గర పట్టేస్తోంది, అంటే ముందు రింగ్ గుండ్రదనం పోయిందన్నమాట. మౌంట్ (కెమెరాకు తగిలించే చోటు) దగ్గరి మరల తలల్లో ఒకటి స్క్రూడ్రైవర్ జారి అరిగి ఉంది, ఇదివరకే ఎవరో విప్పారనడానికి అది సాక్ష్యం. (స్టెబిలైజేషన్ ఉన్న లెన్స్‌ను ఊపితే లోపల కొంచెం టకటక వినపడడం మామూలే, దానికి కంగారు పడవద్దు.) సర్వీస్ సెంటర్‌లో చూపిస్తే దెబ్బ తగలడం వల్ల ముందరి గాజుల వరుస కదిలిందని ఎస్టిమేట్ కాగితం మీద రాసిచ్చారు. ఈ కాగితం తప్పకుండా అడిగి తీసుకోండి; నోటిమాట ఎక్కడా నిలబడదు.

బిల్లు విషయంలో మాత్రం మొహమాటం పనికిరాదు. ‘కెమెరా సామాను’ అని ఒక్క ముక్క రాసిస్తే ఒప్పుకోకుండా లెన్స్ పూర్తి పేరు, సీరియల్ నంబరు, ‘ఓపెన్ బాక్స్, వాడనిది’ అన్న మాట రాయించుకున్నాను. తరువాత నన్ను నిలబెట్టినవాటిలో ఆ మాట ఒకటి. బిల్లు మీది జీఎస్టీ నంబరులో పదిహేను అక్షరాలు, అంకెలు ఉండాలి, తెలంగాణ దుకాణమైతే అది 36తో మొదలవుతుంది. జీఎస్టీ పోర్టల్‌లో కొట్టి చూస్తే అది ఎవరి పేరిట ఉందో అక్కడికక్కడే తెలుస్తుంది. బిల్లు కింద ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని అచ్చు వేసి ఉందని వెనక్కి తగ్గకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే ముప్పై రోజుల్లోగా, వాపసు తీసుకోవడానికి నిరాకరించడం అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. కొన్నది హైదరాబాదులోనైనా, మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే, అంటే నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో, ఫిర్యాదు వేయవచ్చు. సరుకు విలువ ఐదు లక్షల లోపు ఉంటే రుసుము లేదు, రెండేళ్ల వరకు గడువు ఉంటుంది. అంతకు ముందు 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేసుకోవచ్చు.

ఈ రక్షణ దుకాణంలో కొన్నవారికే. యాప్‌లో ప్రకటన పెట్టిన వ్యక్తి దగ్గర సొంతంగా కొంటే వినియోగదారుల కమిషన్ దారి ఉండదు. అటువంటి బేరంలో మనిషిని ముఖాముఖి కలిసి, ఉదయం పూట ఆరుబయట పరీక్షించి, అప్పుడే డబ్బివ్వడం తప్ప వేరే మార్గం లేదు. కొరియర్ చేస్తాను, సగం అడ్వాన్స్ వేయమనేవారికి ఒక్క రూపాయి వేయకండి. ఇప్పటికే పోగొట్టుకున్నవారు ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

నా విషయానికి వస్తే, హెల్ప్‌లైన్ ఫిర్యాదు, సర్వీస్ సెంటర్ కాగితం, గోడ ఫొటోలు మూడూ ముందు పెట్టిన తరువాత దుకాణం లెన్స్‌ను వాపసు తీసుకుంది. ‘ప్యాకింగ్ చార్జీలు’ అంటూ 3,000 రూపాయలు పట్టుకున్నారు. ఆ మొత్తం కోసం జిల్లా కమిషన్‌కు వెళ్లడానికి కాగితాలు సిద్ధం చేసుకుంటున్నాను. అయితే ఆ లెన్స్‌ను రిపేరుకు పంపారో లేదో నాకు అనుమానమే, ఎందుకంటే తరువాతి వారమే అదే దుకాణం అదే రకం లెన్స్‌ను ‘ఓపెన్ బాక్స్’ అంటూ 66,000కు ప్రకటించింది, ఫొటోలో హుడ్ తిరగేసే ఉంది. మీకు ఎవరైనా ఆ ధరకు చూపిస్తే హుడ్ ఊడదీసి అంచు తుడిచి చూడండి, 95 ఎం.ఎం. ఫిల్టర్ ఒకటి జేబులో వేసుకుపోయి బిగించి చూడండి, అర చుట్టు దగ్గర పట్టేస్తే డబ్బు బయటికి తీయకుండా వచ్చేయండి.