ఈఈజీలో రెప్పపాట్లు తీసేయడానికి ఏది మేలు: రిగ్రెషనా, ఐసీఏనా, ఏఎస్ఆరా?

ఈఈజీ (తలమీద పెట్టిన ఎలక్ట్రోడ్లతో మెదడు విద్యుత్తును కొలవడం) డేటాతో కొత్తగా కుస్తీ పడుతున్నవాళ్లు తిప్పి తిప్పి అడిగే ప్రశ్న ఇది. నేను ఎదురడిగేదీ ప్రతిసారీ ఒకటే: ఛానెళ్లు (ఒక్కో ఎలక్ట్రోడ్ ఇచ్చే సిగ్నళ్లు) ఎన్ని, రికార్డింగు ఎన్ని నిమిషాలు? ఈ రెండూ తేలకుండా పద్ధతుల మీద వాదించుకోవడం దండగ.

మెదడు నుంచి తలమీదికి చేరేది పదుల మైక్రోవోల్టులు. ఒక్క రెప్పపాటు నుదుటి మీది ఎఫ్‌పీ1, ఎఫ్‌పీ2 దగ్గర వంద ఇట్టే దాటేస్తుంది. అందుకే కొందరు ±100 దాటిన ముక్కలన్నీ తీసి పారేస్తారు. ట్రయల్స్ (ప్రయోగాన్ని మళ్లీ మళ్లీ చేసిన సార్లు) బోలెడుంటే పర్వాలేదు. చిన్నపిల్లలతో చేసిన ప్రయోగమైతే సగటు తీయడానికి ఏమీ మిగలదు.

రిగ్రెషన్ పాతకాపు. గ్రాటన్, కోల్స్, డాంచిన్ 1983లో ఇచ్చిన పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది. కంటి దగ్గరి ఎలక్ట్రోడ్ పట్టే కంటి సిగ్నల్ (ఈఓజీ) ఒక్కో ఛానెల్లోకి ఎంత చేరిందో లెక్కకట్టి అంతమేరకు తీసేస్తుంది. డేటా తక్కువున్నా చాలు. చిక్కల్లా ఏమిటంటే, ఆ ఎలక్ట్రోడ్‌కి కన్నుతో పాటు మెదడు ముందుభాగమూ అందుతుంది. అదీ కొంత కొట్టుకుపోతుంది. ఫ్రంటల్ థీటా (మెదడు ముందుభాగంలోని నెమ్మది అలలు) మీద పనిచేసేవాళ్లు దీని జోలికి పోకపోవడమే మంచిది.

నా ఓటు ఐసీఏకే, దాచేదేం లేదు. కలగలిసిన సిగ్నళ్లను వేర్వేరు మూలాలుగా, అంటే కాంపొనెంట్లుగా విడదీస్తుంది; వాటిలో రెప్పపాటుది తీసేస్తాం. కాకపోతే దాని ఆకలి పెద్దది. ఛానెళ్ల సంఖ్యను వర్గం చేసి, దానికి 20 నుంచి 30 రెట్లు శాంపిళ్లు ఉండాలన్నది అందరూ పాటించే లెక్క. 30 రెట్లు, 250 హెర్ట్జ్ అనుకుంటే 32 ఛానెళ్లకి రెండు నిమిషాల పైచిలుకు చాలు. 64కి ఎనిమిది నిమిషాలు. 128కి దాదాపు 33. ఛానెళ్లు రెట్టింపైతే కావాల్సిన డేటా నాలుగింతలన్నమాట. 128 ఛానెళ్ల టోపీ పెట్టి పది నిమిషాలు రికార్డు చేసి, ఐసీఏ పనిచెయ్యట్లేదంటే ఎలా? శాంప్లింగ్ రేటు 1000కి పెంచితే లెక్క సరిపోతుంది కదా అని కూడా అనుకోకండి. పక్కపక్క శాంపిళ్లు దాదాపు ఒకే మాట చెబుతాయి.

ఛానెళ్లు మరీ తక్కువైనా కష్టమే. ఎనిమిది ఛానెళ్లుంటే వచ్చే కాంపొనెంట్లూ మహా అయితే ఎనిమిదే. రెప్పపాటు, గుండె, దవడ, మెదడు అన్నీ వాటిలోనే ఇరుక్కుంటాయి.

రెండు జాగ్రత్తలు. ఐసీఏకి ఇచ్చే కాపీని 1 హెర్ట్జ్ హైపాస్ చేయండి (అంతకంటే నెమ్మది మార్పుల్ని వడకట్టండి). పీ300 లాంటి నెమ్మది మెదడు స్పందనలు చూడాలంటే, వచ్చిన వెయిట్లను (విడదీసే లెక్కల్ని) 0.1 హెర్ట్జ్ కాపీకి వేయండి. యావరేజ్ రెఫరెన్స్ (అన్ని ఛానెళ్ల సగటును ఒక్కోదాంట్లోంచి తీసేయడం) వాడితే ర్యాంకు, అంటే ఒకదానిమీద ఒకటి ఆధారపడని సిగ్నళ్ల సంఖ్య, ఒకటి తగ్గుతుంది, ఆ సంగతి ప్రోగ్రాముకి చెప్పకపోతే కవలల్లాంటి దొంగ కాంపొనెంట్లు పుట్టుకొస్తాయి.

రెప్పపాటు కాంపొనెంటును గుర్తుపట్టడం తేలికే: మ్యాపులో నుదుటి వైపంతా నున్నగా ఒకే రంగు పరుచుకుని, వెనక్కి పోయేకొద్దీ పలచబడుతుంది. తీసేశాక నేను చూసేది మాత్రం నుదురు కాదు, తల వెనకుండే ఓజెడ్. రెప్ప పడని ఒక సెకను ముక్క తీసుకుని, ముందూ తర్వాతా గీతల్ని ఒకదాని మీద ఒకటి వేస్తాను. ఆల్ఫా అలలు కుంచించుకుపోయాయంటే కన్నుతో పాటు మెదడూ పోయినట్టే.

నడుస్తున్న మనిషి మీద రికార్డింగైనా, అప్పటికప్పుడు స్పందించాల్సిన బీసీఐ (మెదడు సిగ్నల్‌తో కంప్యూటర్ని నడిపే ఏర్పాటు) అయినా ఏఎస్ఆర్ వాడండి. శుభ్రమైన ముక్కను కొలబద్దగా పెట్టుకుని, హద్దు దాటినవాటిని అక్కడికక్కడే సరిచేస్తుంది. హద్దు (ప్రామాణిక విచలనాల్లో) 20–30 మధ్య ఉంచండి. 5కి దించితే గీతలు ముచ్చటగా కనిపిస్తాయి, కానీ మెదడు సిగ్నల్ కూడా తరిగిపోతుంది.

ఒక్క ఛానెల్ పరికరమైతే వేవ్‌లెట్లు (సిగ్నల్‌ని చిన్నచిన్న అలలుగా విడదీసే పద్ధతి) ఉన్నాయి, అంతకంటే చెప్పేదేం లేదు.

కండరాల గోల వేరే తలనొప్పి. అది 20 హెర్ట్జ్ పైన అంతటా పరుచుకుంటుంది, ఐసీఏ కూడా దాన్ని ఒక్కచోటికి పోగెయ్యలేదు. పళ్లు బిగించొద్దని కూర్చున్న మనిషికి రికార్డింగుకి ముందే చెప్పడం ఈ మూడింటికంటే ఎక్కువ పనిచేస్తుంది.